చివరి రీలు చూడని పండితుడు

మాయాబజార్‌లో శకుని సత్యపీఠం ఎక్కగానే కడుపులో దాచుకున్న నిజమంతా దానంతట అదే నోట్లోంచి ఊడిపడుతుంది. నన్నెవరూ ఎక్కించలేదు. మోకాళ్ళు సహకరించని ఈ వయసులో నేనే పట్టుకుని పట్టుకుని ఎక్కుతున్నాను. ఆలంపూర్‌లో నాకు సినిమా పండితుడని పేరు. ఎవరింట్లో చుట్టాలు దిగినా, మాటల మధ్యలో సినిమా సంగతి వచ్చినా, "ఆయన్ని అడగండప్పా" అని నావైపు చూపిస్తారు. నేను గొంతు సవరించుకుని నా ప్రాణప్రదమైన సినిమాల పట్టీ అప్పజెప్పేవాణ్ణి. అందులో ముందువరసన మూడు: మరో చరిత్ర, శంకరాభరణం, సాగర సంగమం.

ఆ మూడింటికీ చివర ఏమవుతుందో చాలా ఏళ్ళు నాకు తెలియదు. తెలియదని ఒప్పుకుంటే పోయేది. తెలిసినట్టే చెప్పాను, అదీ వీధి వీధంతటికీ.

కారణం చెబితే నవ్వుతారు. కారణం బస్సు.

మా ఊరు అప్పట్లో మహబూబ్‌నగర్ జిల్లా, 2016 నుంచి జోగులాంబ గద్వాల జిల్లా. కాగితాల మీద జిల్లా ఏదైనా మాకు పట్నమంటే తుంగభద్ర అవతలి కర్నూలే. బిడ్డ పెండ్లికి బంగారం కొనాలన్నా కర్నూలే, కంటికి అద్దాలు పెట్టించాలన్నా కర్నూలే, కొత్త సినిమా చూడాలన్నా కర్నూలే. నేను డిగ్రీ అక్కడే చదివాను. చదువయ్యాక అక్కడే ఒక అంగట్లో లెక్కలు రాసే కొలువుకు కుదిరాను. పొద్దున పోవడం, రాత్రికి ఊరు చేరడం. మ్యాట్నీ వేళకు కాలేజీ, తర్వాతి రోజుల్లో అంగడి. మిగిలింది ఫస్టు షో ఒక్కటే. ఫస్టు షో వదలకముందే మా ఊరి ఆఖరి బస్సు కదిలిపోయేది. అది తప్పితే రాత్రంతా బస్టాండు బెంచీ మీద దోమలతో కాపురం. తెల్లారి ఇంటికి పోతే మా నాయన ఏమీ అనేవాడు కాదు. ఆ ఏమీ అనకపోవడమే భరించలేకపోయేవాణ్ణి.

కాబట్టి నేను తలుపు పక్క కుర్చీయే వెతుక్కునేవాణ్ణి. ఇంటర్వెల్ అయిన దగ్గర్నుంచి ఒక కన్ను తెర మీద, ఒక కన్ను పక్కవాడి చేతి గడియారం మీద. కథ పాకాన పడుతున్న సమయానికి వంగి వంగి నడుస్తూ, "కూచోవయ్యా సామీ" అని వెనకవాళ్ళు తిడుతుంటే బయటపడి, ఒకటే పరుగు. టికెట్ల వరుసలో నిలబడి లోపలికి పోయేసరికి మొదట్లో వచ్చే పేర్లు కూడా అయిపోయేవి. అంటే సినిమాకు తలా నేను చూడలేదు, తోకా చూడలేదు.

బస్సులో కిటికీ పక్కన కూలబడి ఊపిరి తీసుకునేలోగా తుంగభద్ర వంతెన వచ్చేది. అక్కడ మొదలుపెట్టి ఆలంపూర్ చౌరస్తా దగ్గర మలుపు తిరిగేలోగా మిగిలిన కథ నేనే పూర్తి చేసేవాణ్ణి. అడ్డు చెప్పేవాళ్ళెవరు? నిర్మాతా నేనే, దర్శకుడూ నేనే. చీకట్లో నది కనిపించదు గానీ గాలి చల్లగా తగిలేది. ఆ గాలికి ఎవర్నీ చంపబుద్ధి అయ్యేది కాదు. నా చేతిలో పడ్డ కథలన్నీ సుఖాంతాలే అయ్యాయి.

1978లో వచ్చిన మరో చరిత్రను నేను కొన్నాళ్ళకు మళ్ళీ ఆడినప్పుడు చూశాను. విశాఖ సముద్రం, తమిళ అబ్బాయి కమల్‌హాసన్, తెలుగమ్మాయి సరిత, ఇరుపక్షాల పెద్దల పట్టుదల. ఏడాదిపాటు ఒకరి ముఖం ఒకరు చూడకుండా ఉండగలిగితే పెళ్ళి చేస్తామన్న షరతు. ఆ ఏడాది గడిచింది, ఇద్దరూ ఒకరికోసం ఒకరు బయలుదేరారు, నేనూ బయలుదేరాను. వాళ్ళు కలుసుకోవడానికి, నేను బస్సు పట్టుకోవడానికి. అంత కష్టపడి ఏడాది ఆగినవాళ్ళకు పెళ్ళి కాక ఇంకేమవుతుంది? మా వీధి అరుగు మీద కథ చెప్పి, "ఆఖరుకు ఏమాయె రా అబ్బీ?" అని అవ్వ అడిగితే, "పెండ్లాయె అవ్వా, సముద్రం ఒడ్డున పెద్ద పందిరేసి చేసిరి" అన్నాను. పందిరి నా సొంత ఖర్చు. దర్శకుడు బాలచందర్‌కు ఆ సంగతి తెలియదు.

అవ్వంటే నా సొంత అవ్వ కాదు, వీధికంతా అవ్వ. ఆమె సినిమా హాలు గడప తొక్కలేదు. నేను చెప్పిన కథలే ఆమె చూసిన సినిమాలు. పత్తి గింజలు తీస్తూనో, చాటలో రాళ్ళు ఏరుతూనో వింటుంది. నడుమ నడుమ హీరో తల్లిని తిడుతుంది. ఆమె దగ్గర నాకు దక్కిన గౌరవం తర్వాత ఎక్కడా దక్కలేదు. అందుకే "తెలీదవ్వా, బస్సుకు టైమైందని వచ్చేసినా" అనే మాట నోటికి రాలేదు. పండితుడికి తెలియదనే మాట ఎక్కడుంటుంది?

తర్వాత శంకరాభరణం. 1980లో విడుదలైంది. మొదట జనం పలుచగా ఉండి తర్వాత హాళ్ళు కిక్కిరిసిన సినిమా. నేను చూసినప్పటికి కిక్కిరిసే ఉంది. సోమయాజులు అంతకుముందు సినిమా హీరో కాదు, డిప్యూటీ కలెక్టరు ఉద్యోగం చేస్తూ నాటకాలాడినవాడు. ఆయన నడిచొస్తుంటే హాల్లో ఈలలు ఆగిపోవడం నేను కళ్ళారా చూశాను. ఆయన వేసిన పాత్ర, సంగీత విద్వాంసుడు శాస్త్రిగారికి రోజులు మారి, కచేరీలు పోయి, ఇల్లు గడవని స్థితి వచ్చి, మళ్ళీ ఆయన్ని ఆరాధించే తులసి పూనుకుని ఆయనను వేదికెక్కించే దాకా కూచున్నాను. కచేరీ మొదలైంది. నా బస్సూ మొదలయ్యే వేళైంది. లేచి పరుగెత్తుతూ కూడా నాకు దిగులు లేదు. పోయిన వైభవం తిరిగొచ్చింది, ఇంకేం కావాలి? అరుగు మీద అదే చెప్పాను: "శాస్త్రిగారికి మళ్ళా మంచిరోజులొచ్చె, ఊరూరా కచేరీలే." ఒకాయన సన్మానం కూడా జరిగిందా అని అడిగాడు. జరిగిందన్నాను. ఏనుగు మీద ఊరేగించారన్నాను. నోటికి హద్దుండాలి కదా, నాకు లేదు.

1983లో సాగర సంగమం వచ్చేసరికి నేను ఈ విద్యలో ఆరితేరిపోయాను. తాగి నూతి గట్టు మీద కమల్‌హాసన్ ఆడే ఆట, ఢిల్లీ నాట్యోత్సవం ఆహ్వాన పత్రంలో తన పేరు చూసుకుని నవ్వాలో ఏడవాలో తెలియని ఆ ముఖం, అది తెలుగు సినిమాలో నేను చూసిన నటనల్లోకెల్లా గొప్పదని ఇప్పటికీ అంటాను. చివర్లో ఆయన దగ్గర నాట్యం నేర్చిన శైలజ వేదికెక్కింది. ఆయన చక్రాల కుర్చీలో కూచుని చూస్తున్నాడు. నేను తలుపు దాకా వచ్చి ఒక్క క్షణం నిలబడ్డాను. బస్సు గుర్తొచ్చింది. ఆ రాత్రి వంతెన మీద ఆయనకు మంచి డాక్టరును చూపించాను. చౌరస్తా వచ్చేసరికి లేచి నడిచాడు. ఊళ్ళో దిగేసరికి ఆడాడు. ఈ ముగింపు అరుగు మీద బాగా పండింది.

ఇట్లా జరిగిపోతుంటే మా వీధిలో ఒకరింటికి టీవీ వచ్చింది. హైదరాబాద్ దూరదర్శన్ వాళ్ళు వారం వారం తెలుగు సినిమా వేసేవాళ్ళు. ఆ పూట వాళ్ళ నడవంతా జనం, వాకిట్లో చాపలు, గోడ మీద పిల్లలు. ఒకనాడు మరో చరిత్ర అన్నారు. నేను ముందువరసలో, అవ్వ పక్కన, ఇది నేను చూసిన సినిమానే అన్న ధీమాతో కూచుని, వచ్చే సీన్లు ముందే చెబుతూ పోయాను. మళ్ళీ ఏడాది గడిచింది, మళ్ళీ ఇద్దరూ బయలుదేరారు. బస్సు లేదు కాబట్టి నేను కూచునే ఉన్నాను.

తర్వాత జరిగింది మీకు తెలుసు. ఇద్దర్నీ చంపేశాడు బాలచందర్.

వాకిట్లో కొంతమంది ఆడవాళ్ళు ముక్కులు చీదుకుంటున్నారు. మిగిలినవాళ్ళంతా నావైపు తిరిగారు. అవ్వ అయితే టీవీ చూడటం మానేసి నన్నే చూస్తోంది. "ఏం రా అబ్బీ, పెండ్లాయె అంటివి? పందిరేసిరంటివి?" నేను ఇట్లాంటప్పుడు మూర్ఖుడు ఏం చేస్తాడో అదే చేశాను. "టీవీవాళ్ళు మార్చినారవ్వా, హాల్లో వేరే ఉండె" అన్నాను. అవ్వ కాసేపు ఆలోచించి, భయం భయంగా అడిగింది: "మరి ఆ పాటలు పాడే పెద్దాయన ఉండాడా, ఆయన్ను గూడ సంపినారా?"

నాకప్పుడే మొదటిసారి అనుమానం తగిలింది.

ఎవర్నీ అడిగే ధైర్యం లేక, శంకరాభరణం ఎక్కడో మళ్ళీ ఆడుతోందంటే మర్నాడు సెలవు పెట్టుకుని మ్యాట్నీకి పోయాను. కచేరీ మొదలైంది. లేవబోయిన కాళ్ళను అదిమిపెట్టుకున్నాను. శాస్త్రిగారు పాట నడుమ కుప్పకూలడం, తులసి కొడుకు ఆ పాట అందుకోవడం, గండపెండేరం ఆ పిల్లవాడి కాలికి చేరడం, గురువు పోవడం, ఆయన పాదాల దగ్గరే తులసి కూడా పోవడం. ఏనుగు ఎక్కడా లేదు. సాగర సంగమమూ అంతే. కుర్చీలోనే ప్రాణం పోతుంది, వానలో స్నేహితుడు ఆ కుర్చీ తోసుకుపోతాడు. ఏ కళకూ అంతం లేదని చివర తెర మీద అక్షరాలు పడతాయి. అంతం లేదన్న ముక్క ఒక్కటి నేను చూడకుండానే సరిగ్గా ఊహించినట్టు లెక్క.

ఆ మూడూ చూశాక పట్టీలోంచి తీసేస్తానని అనుకోవడం సహజం. తియ్యలేదు. అక్కడ నా మూర్ఖత్వం ఇంకో మెట్టెక్కి సిద్ధాంతమైంది. గొప్ప సినిమా ముప్పావు వంతు దగ్గరే అయిపోతుంది, మిగిలింది దర్శకుడు హాలు ఖాళీ చేయించడానికి తీసేదే అని ప్రచారం మొదలుపెట్టాను. శంకరాభరణం బలం చావులో లేదు. పాడుతూ పాడుతూ దారి తప్పిన కూతుర్ని 'శారదా' అని ఒక్క కేకతో నిలబెట్టే చోట ఉందని వాదించాను. ఈ మాట మాత్రం ఇప్పటికీ నిజమనే అనుకుంటున్నాను. ఆ కేక ఒక తరం తెలుగువాళ్ళందరికీ గుర్తుంది. కథలో శాస్త్రిగారి అంత్యఘడియలు ఎట్లా వస్తాయో ఎంతమంది వరసగా చెప్పగలరు?

నా సిద్ధాంతానికి ఆ రోజుల తెలుగు సినిమా కూడా బాగా సాయపడింది. ఎనభైల్లో ఏ సినిమా తీసుకున్నా చివర ఒకటే గోదాము. అందులో ఖాళీ పీపాలు, అట్టపెట్టెలు. కట్టేసిన హీరో తల్లి, పక్క స్తంభానికి చెల్లెలు. విలన్ చంపకుండా అంతసేపు ఎందుకు మాట్లాడతాడో తెలియదు. అంతా అయ్యాక పోలీసుల జీపు. ఇన్నేళ్ళూ బస్సు నాకు ఎంత మేలు చేసిందో స్కూటర్ కొనుక్కున్నాకగానీ తెలియలేదు. స్కూటర్ వచ్చాక ప్రతి సినిమా ఆఖరి దాకా చూశాను. వింతేమిటంటే స్కూటర్ వచ్చిన దగ్గర్నుంచి నా పట్టీలో కొత్త పేరు చేరడం దాదాపు ఆగిపోయింది. 1989లో శివ వచ్చి సైకిల్ చైను లాగి ఊరంతా ఊపేసినప్పుడు కూడా, మేడ మీది ఆ చివరి పోట్లాట దాకా చూసి, "బాగుంది గానీ..." అన్నాను. చివర చూడకపోతే అది కూడా నా ప్రాణప్రదమైన సినిమా అయ్యుండేది.

ఇంకో రెండు పాపాలున్నాయి, పీఠం మీద ఉండగానే చెప్పేస్తాను.

బి.నర్సింగరావు తీసిన దాసి 1988 నాటిది. అయిదు జాతీయ అవార్డులొచ్చాయి. అర్చనకు ఉత్తమ నటి అవార్డు దక్కింది. పేపర్లో ఆ వార్త చదివిన రోజే నా పట్టీలో నాలుగో స్థానం ఇచ్చేశాను. చూడకుండానే. మా జిల్లావాళ్ళం, దొరల గడీల కథ మాకు తెలియనిదా అని బడాయి. చదువుకున్నవాళ్ళెవరైనా కూచుంటే ముందు ఆ పేరే చెప్పేవాణ్ణి. చాలా ఏళ్ళకు చూశాను. మాటలు లెక్కపెట్టినన్నే. దాసి కమలాక్షి గడీలో నీళ్ళు మోస్తూ, ఊడుస్తూ, పిలిస్తే పోతూ, అలికిడి లేకుండా తిరుగుతుంది. ఆ సినిమాలో ఒక్కచోట కూడా నేను లేచి పరుగెత్తగలిగేవాణ్ణి కాదు. అరుగు మీద ఆ కథకు ఏ పందిరీ వేయలేను. ఇన్నాళ్ళూ ఆ పేరును మెళ్ళో దండలా వాడుకున్నందుకు సిగ్గేసింది.

రెండోది కత్తి కాంతారావు. అప్పటి నల్గొండ జిల్లా కోదాడ దగ్గర గుడిబండ ఆయనది. అంటే మావాడే అనుకోవచ్చు. చిన్నప్పుడు డేరా టాకీసులో నేలమీద కూచుని ఆయన కత్తి తిప్పుతుంటే చూసినంత ఆనందం శంకరాభరణం తీసిన విశ్వనాథ్ సినిమాలేవీ ఇవ్వలేదు. ఆ సినిమాలకు మధ్యలో లేచిపోయినా నష్టమే లేదు. రాకుమారుడు గెలుస్తాడు, మాంత్రికుడు చస్తాడు, రాకుమారి దక్కుతుంది. అయినా ఒక్క కాంతారావు సినిమాను కూడా నేను పట్టీలోకి రానివ్వలేదు. డిగ్రీ చదివిన పండితుడు జానపదాలంటే ఏం బాగుంటుంది?

మా ఊరి సంగతి కూడా కొంత ఇందులో ఉందేమో. జోగులాంబ అమ్మవారి గుడి పద్నాలుగో శతాబ్దంలో కూలిపోతే, అమ్మవారిని బాలబ్రహ్మేశ్వరాలయంలో ఒక మూల ఉంచి శతాబ్దాలపాటు పూజ చేసుకున్నారు మావాళ్ళు. కొత్త గుడి కట్టి ఆమెను మళ్ళీ సొంతింట్లో కూచోబెట్టింది 2005లో. సగం ఉన్నదాన్ని చూసి మొత్తం ఉన్నట్టు దండం పెట్టుకోవడం మాకు పుట్టుకతో వచ్చిన అలవాటు. ఇది నేను కల్పించుకున్న సాకు అని మా తమ్ముడంటాడు. వాడన్నదే నిజం కావచ్చు. ఎందుకంటే శ్రీశైలం జలాశయంలో మునిగిపోతుందని కూడవెల్లి సంగమేశ్వరాలయాన్ని రాయి రాయి విప్పి, మా ఊరికి తెచ్చి మళ్ళీ పేర్చారు. వెయ్యేళ్ళు దాటిన గుడి ఊరు మారడం ఏ సినిమాలో చూపిస్తారు? అది మా ఊళ్ళోనే జరుగుతుంటే నేను కర్నూల్లో టికెట్ల వరుసలో నిలబడ్డాను. ఆ రాళ్ళు దింపుతుండగా చూశావా అని ఇప్పుడెవరైనా అడిగితే చెప్పడానికి నా దగ్గర ఒక్క ముక్క లేదు. అల్లి చెప్పడానికి కూడా మనసు రాదు.

2009 అక్టోబర్‌లో తుంగభద్ర పొంగి కర్నూలునూ మమ్మల్నీ ముంచింది. ఇంట్లోకి వచ్చిన నీళ్ళలో బియ్యం పోయాయి, పరుపులు పోయాయి, నా సినిమాల నోటు పుస్తకం కూడా పోయింది. పోయినవాటిలో దానికోసం ఏడ్చానని ఇంట్లో ఇప్పటికీ దెప్పుతారు. మరుసటి జనవరిలో మాయాబజార్‌కు రంగులద్ది విడుదల చేస్తే, హైదరాబాద్‌లో మా అమ్మాయి దగ్గరుండి చూశాను. 1957 నాటి సినిమా. అప్పటికి ఎన్నిసార్లు చూశానో. అయితే హాల్లో కూచుని శకుని సత్యపీఠం ఎక్కడం చూసింది అదే మొదలు. ఆ సీను చివర్లో వస్తుంది మరి. శకుని వేషం వేసిన సి.ఎస్.ఆర్. నోటివెంట నిజాలు రాలుతుంటే హాలంతా నవ్వింది. నేనూ నవ్వాను గానీ అందరికన్నా కాస్త ముందే ఆపేశాను.

అందులోనే ప్రియదర్శిని పేటిక ఉంది. మూత తీసినవాళ్ళకు ఎవరు ప్రియమో వాళ్ళు కనిపిస్తారు. శశిరేఖకు అభిమన్యుడు, బలరాముడికి దుర్యోధనుడు, కృష్ణుడికి శకుని. దర్శకుడు కె.వి.రెడ్డి, రచయిత పింగళి కలిసి ఎంత గడుసు పెట్టె చేశారు! నిజంగా నేను తెరిస్తే సావిత్రో ఎస్వీ రంగారావో కనిపిస్తారని ఇన్నాళ్ళూ అనుకున్నాను. అనుమానమే. విజిల్ నోట్లో పెట్టుకుని, ఫుట్‌బోర్డు మీద నిలబడి, "రా రా రా" అని చెయ్యూపే కండక్టరు కనిపిస్తాడు.

నోటు పుస్తకం పోయింది కాబట్టి పట్టీ మళ్ళీ రాశాను. ఈసారి మాయాబజార్ మొదట. 2013లో ఒక జాతీయ వార్తా చానల్ పెట్టిన ఓటింగులో భారతీయ సినిమాలన్నిటిలోకి అదే మొదట నిలిచింది కాబట్టి ఎవరూ కాదనరు, నాకు వాదించే శ్రమ లేదు. తర్వాత కాంతారావు జానపదాలన్నీ కలిపి ఒకటి, ఏదో ఒకటి ఎంచమంటే నావల్ల కాదు. తర్వాత దాసి, ఇప్పుడు చూసే రాశాను. తర్వాత ఒక్కడు. అది చేరడానికి కారణం చెబితే నా పాండిత్యం మొత్తం బయటపడుతుంది. 2003 సంక్రాంతికి వచ్చిన ఆ సినిమాలో మహేష్‌బాబు కొండారెడ్డి బురుజు దగ్గర ప్రకాశ్‌రాజ్‌ను కొట్టి, భూమికను తీసుకుని హైదరాబాద్ పోతాడు. కర్నూలు నుంచి హైదరాబాద్ పోవాలంటే మా ఆలంపూర్ చౌరస్తా మీదుగా పోక గత్యంతరం లేదు. అంతే కారణం. దర్శకుడు గుణశేఖర్ ఆ చౌరస్తా చూపించాడా లేదా అన్నది నాకనవసరం, హీరో మా దారిన పోయాడు.

మరో చరిత్ర, శంకరాభరణం, సాగర సంగమం ఇప్పటికీ ఉన్నాయి. టీవీలో వస్తే చూస్తాను. చివరి పావుగంటకు ముందు లేచి వాకిట్లోకి పోతాను. ఇంట్లోవాళ్ళు అలవాటుపడ్డారు.

చివరగా ఒక వినతి. నేను కర్నూల్లో చూసిన సినిమాల్లో ఒకదాని పేరు ఎంత తన్నుకున్నా అందడం లేదు. నలుపు తెలుపు. అప్పటికే పాతది, మళ్ళీ వేశారు. రైల్వే స్టేషనులో చిన్న ఉద్యోగం చేసే ఒకాయన, ఊరొదిలి పోవడానికి వచ్చిన ఒకామె. రైలు ఆలస్యమని ఇద్దరూ ఒకే బెంచీకి చెరో కొసన కూచుంటారు. ఆమె చేతిలో ఇత్తడి మరచెంబు. ఆయన ఏదో చెప్పడానికి లేచాడు, నేనూ లేచాను. తెలిసినవాళ్ళుంటే సినిమా పేరు మాత్రం చెప్పండి. చివర ఏమైందో చెప్పొద్దు.